మంచును ఎగరేసిన మనుషులు

కెనడాలోని క్యూబెక్‌లోనో, అమెరికాలోని మిన్నసోటాలోనో ఊరికి కాస్త ఎడంగా ఉన్న ఒక ఇంటిని ఊహించుకోండి. రోడ్డు నుంచి ఇంటి దాకా 30 మీటర్ల దారి, 4 మీటర్ల వెడల్పు. రాత్రికి రాత్రి అడుగు మందాన మంచు కురిసింది. చూడ్డానికి ఎంతో తేలిగ్గా కనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే ఆ దారి మీద సుమారు 36 ఘనపు మీటర్ల మంచుంది. అప్పుడే పడిన పొడిమంచు ఘనపు మీటరుకు 100 కిలోలనుకున్నా, మొత్తం 3,600 కిలోలు. తడిమంచైతే రెండింతలు, మూడింతలు కూడా తూగుతుంది. పారతో ఎత్తిపోయాలంటే తెల్లవారుజాము చలిలో ఆ బరువంతా నడుం మీద మోయాలి.

ఆ ఇంటాయన ఇప్పుడు పార పట్టుకోడు. షెడ్డులోంచి చిన్న ట్రాక్టరు తీస్తాడు. ఇంజను వేడెక్కేదాకా కాఫీ తాగుతాడు. తర్వాత సీటెక్కి, ముందున్న యంత్రాన్ని నేలకు దించి, మెల్లగా కదులుతాడు. గొట్టంలోంచి తెల్లటి ధార లేచి, ఎండలో మెరుస్తూ వంపు తిరిగి పక్కనున్న పొలంలో పడుతుంది. వెనక్కి తిరిగి చూస్తే నల్లటి దారి తేలి ఉంటుంది. తన దారి అయిపోయాక పక్కింటి ముసలాయన దారి కూడా తీసి గాని దిగడు. మంచు పడే ఊళ్లలో చాలామంది చలికాలం కోసం ఇష్టంగా ఎదురుచూడటానికి ఈ పని కూడా ఒక కారణం.

ఆ వంపు తిరిగే ధార వెనక నూటయాభై ఏళ్ల కథ ఉంది. అందులో ఒక పళ్ల డాక్టరు, ఒక పిండిమర యజమాని, ఒక పాలరైతు కొడుకు, విమానం కట్టుకున్న ఒక ఐర్లండు మెకానిక్కు ఉన్నారు. వాళ్లలో ఎవరూ ఇంకొకరి పని పూర్తి చేద్దామని పనిగట్టుకుని బయల్దేరలేదు. ఎవరి అవసరం వాళ్లది.

మొదట్లో అందరికీ తట్టిన ఉపాయం ఒక్కటే, తోయడం. గుర్రాల వెనక చెక్క పలకను ఏటవాలుగా కట్టి లాగిస్తే మంచు పక్కకు జరుగుతుంది. 1862లో అమెరికాలోని మిల్వాకీ పట్నం గుర్రాలు లాగే ఇలాంటి ప్లౌను వీధుల్లో దింపింది. వీధి నడిమి భాగం బాగానే తేలింది. కాని తోసిన మంచు ఎక్కడికి పోతుంది? వీధికి రెండు పక్కలా గట్లు కట్టింది. కాలిబాటలు, ఇళ్ల గుమ్మాలు ఆ గట్ల వెనక మూసుకుపోయాయి. మళ్లీ మంచు పడితే తోయడానికి చోటే ఉండదు. ఎన్ని గుర్రాలు కట్టినా ఈ చిక్కు తీరేది కాదు.

రైళ్ల దగ్గర ఇదే చిక్కు ఇంకా పెద్దదైంది. కొండల్ని తొలిచి వేసిన పట్టాల మీద, రెండు గట్ల మధ్య, గాలికి కొట్టుకొచ్చిన మంచు ఇల్లెత్తున పేరుకునేది. ఇంజన్ల ముందు ఇనుప ముక్కు బిగించి, రెండు మూడు ఇంజన్లను ఒకదాని వెనక ఒకటి తగిలించి, పూర్తి వేగంతో ఆ గుట్ట మీదికి ఉరికించేవాళ్లు. ఒక్కోసారి దారి తెరుచుకునేది. ఒక్కోసారి ఇంజను మంచులో కూరుకుపోయేది, లేదా పట్టాలు దిగేది. అప్పుడు వందలమంది కూలీలు పారలతో దిగి ఇంజన్నే తవ్వి తీయాల్సి వచ్చేది.

1869లో టొరంటోలో జె. డబ్ల్యూ. ఎలియట్ అనే పళ్ల డాక్టరు కాగితం మీద ఒక బొమ్మ గీశాడు. రైలు ముందు పెద్ద చక్రం, దానికి బల్లపరుపు రెక్కలు. చక్రం తిరుగుతుంటే రెక్కలు మంచును అందుకుని పైనున్న గొట్టంలోంచి బయటికి విసురుతాయి. రైల్వే ఉద్యోగి కాని మనిషికి, రోజంతా రోగుల పళ్లు చూసే మనిషికి ఈ ఆలోచన రావడం నాకు ఎంతో ఆశ్చర్యంగా ఉంటుంది. మంచును పక్కకు నెట్టడం దండగ, ఎత్తి దూరంగా పారేయాలి అని యంత్రం భాషలో చెప్పినవాడు ఆయన. పేటెంటు దక్కింది గాని, పెట్టుబడి పెట్టి కట్టి చూసేవాళ్లు దొరకలేదు. మరుసటి ఏడు, 1870లో, న్యూబ్రన్స్‌విక్‌లోని డాల్‌హౌసీకి చెందిన రాబర్ట్ కార్ హారిస్ అనే ఆయన మర చుట్లతో మంచును తవ్వే రైల్వే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. విసిరే చక్రం, తవ్వే మర చుట్టు. ఇవాళ్టి ఇంటి యంత్రంలో ఉండే రెండు ప్రధాన భాగాలూ అప్పటికే రెండు వేర్వేరు కాగితాల మీద ఉన్నాయన్నమాట. అవి కలవడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

ఒంటారియోలో ఆరెంజ్‌విల్ అనే చిన్న ఊరు. అక్కడ పిండిమర నడిపే ఆరెంజ్ జల్ చేతికి ఎలియట్ ఆలోచన చిక్కింది. అందులోని లోపం జల్‌కు తెలిసింది. రెక్కల చక్రం వదులు మంచును విసురుతుంది సరే, గాలికి గట్టిపడి గోడలా నిలిచిన మంచును రెక్కల దాకా ఎవరు తెస్తారు? అందుకని రెక్కల చక్రం ముందు కత్తుల చక్రం ఒకటి పెట్టాడు. అది గోడను చెక్కి వెనక్కి అందిస్తే, ఇది విసిరేస్తుంది. చిన్న నమూనా చేసి ఇసకతో పరీక్షించి చూసుకున్నాడు. లెస్లీ సోదరులు అనేవాళ్ల చేత పూర్తి పరిమాణంలో కట్టించాడు. 1883–84 చలికాలంలో టొరంటో దగ్గర పార్క్‌డేల్‌లో, కెనడియన్ పసిఫిక్ రైల్వే పట్టాల మీద దాన్ని నడిపారు.

మంచు నిజంగానే ఎగిరింది. కాని కత్తుల చక్రంలో మంచు ఇరుక్కుని పేరుకుపోవడం మొదలైంది. మంచుకున్న పాడు గుణం అదే. కత్తి తగిలినప్పుడు పొడిలా రాలుతుంది, ఒత్తిడి తగిలితే ముద్దకట్టి రాయిలా బిగుస్తుంది. లెస్లీ సోదరులు ఆ రూపాన్ని వదిలిపెట్టకుండా మార్చుతూ పోయారు. రెండు చక్రాల బదులు ఒకే చక్రం పెట్టి, అది తిరిగే దిక్కును బట్టి వాటంతటవే ఒరిగే కత్తుల్ని అమర్చారు. ఆ మార్పుతో, రోటరీ ప్లౌ అనే ఈ యంత్రం నిలబడింది. న్యూజెర్సీలోని పేటర్సన్‌లో వాటి తయారీ మొదలై, ఉత్తర అమెరికా కొండల రైలు దారుల్లో వాటి వాడకం పాకింది.

దాని బలానికీ ఒక హద్దుంది. 1910 మార్చి 4న కెనడాలోని రోజర్స్ పాస్ దగ్గర, అంతకుముందు జారిపడిన మంచును రోటరీ ప్లౌతో, పారలతో తొలగిస్తున్న కూలీల మీద ఎదుటి కొండ నుంచి మరో మంచు చరియ విరిగిపడింది. 58 మంది చనిపోయారు. వాళ్లలో 32 మంది జపాను నుంచి బతుకుతెరువుకు వచ్చినవాళ్లు. ఆ తర్వాత రైల్వే కొండ కింద సొరంగం తవ్వి ఆ దారినే తప్పించింది.

రైలుకు రోటరీ దొరికింది గాని, వీధులకు ఏమీ దొరకలేదు. ఆవిరి బాయిలరు మోసే యంత్రాన్ని పట్టాలు భరిస్తాయి, వీధి భరించదు. 1888 మార్చిలో న్యూయార్క్‌ను, అమెరికా తూర్పు తీరాన్ని మంచు తుఫాను ముంచినప్పుడు 400 మందికి పైగా చనిపోయారు. నగరం రోజుల తరబడి కదల్లేదు. అప్పుడు కూడా వీధుల్లో కనిపించినవి పారలు, గుర్రపు బళ్లే.

ఈ కథలో నేను ఎక్కువసేపు ఆగాలనుకునే మనిషి ఆర్థర్ సికార్డ్. 1876లో మాంట్రియల్ పక్కనున్న సెయింట్ లియొనార్డ్‌లో పుట్టాడు. ఇంట్లో పాడి. పొద్దున్నే పితికిన పాలు ఎలాగైనా పట్నం చేరితేనే ఆ ఇంట్లో డబ్బు. మాంట్రియల్ ప్రాంతంలో ఏటా కురిసే మంచు సుమారు రెండు మీటర్లు. దారి మూసుకుపోయిన రోజున పాలు ఇంట్లోనే ఉండిపోయేవి. పట్నంలో పాలకోసం చూసే ఇళ్లున్నాయి, ఇక్కడ నిండిన బిందెలున్నాయి, మధ్యలో మంచు. చిన్నప్పటి నుంచీ సికార్డ్ చూసింది ఆ మధ్యలో ఉన్నదాన్నే.

1894లో, పద్దెనిమిదో ఏట, పొరుగు పొలంలో పనిచేస్తున్న నూర్పిడి యంత్రం అతని కంటపడింది. మన కళ్లాల్లో తూర్పారబట్టినప్పుడు గాలికి పొట్టు ఎగిరి అవతల పడ్డట్టు, ఆ యంత్రం లోపల తిరిగే భాగాలు పైరును లాక్కుని గడ్డిని దూరంగా చిమ్ముతున్నాయి. చూసినవాళ్లు ఎందరో ఉండి ఉంటారు. గడ్డి ఉన్న చోట మంచును పెట్టి చూసుకున్నవాడు సికార్డ్. ఈ యంత్రం గడ్డిని చిమ్మగలిగితే మంచును ఎందుకు చిమ్మకూడదు?

ఎందుకు చిమ్మదో తెలుసుకోవడానికి అతనికి చాలా ఏళ్లు పట్టింది. గడ్డి ఎండుది, తేలికది, అంటుకోదు. మంచు అంటుకుంటుంది. మొదట తయారుచేసిన యంత్రం పనిచేయలేదు. చుట్టుపక్కలవాళ్లు నవ్వారు. పాలు పితకాల్సిన వాడికి ఈ పిచ్చేమిటన్నారు. సికార్డ్ పాడి వదిలి రోడ్ల కాంట్రాక్టు పనుల్లోకి వెళ్లాడు. అది ఆలోచనను వదిలేయడం కాదు. రోడ్డు పనుల్లో ఇంజన్లు, లారీలు, ఇనుము చేతికి అలవాటయ్యాయి, ఖర్చుకు నాలుగు డబ్బులు మిగిలాయి. ఈలోగా ప్రపంచం కూడా అతనికి కావాల్సినదాన్ని తయారుచేసి పెట్టింది. పెట్రోలు ఇంజను బలపడింది. నాలుగు చక్రాలకూ బలం అందే లారీ వచ్చింది. 1894లో అంత బలమైన ఇంజనూ, అలాంటి లారీ లేవు. అప్పుడు అతనెంత తెలివిగా కట్టినా వీధిలో నడిచే యంత్రం వచ్చేది కాదని నా నమ్మకం.

1925లో సికార్డ్ యంత్రం సిద్ధమైంది. లారీ ముందు మంచును తవ్వి లోపలికి లాక్కునే భాగం, దాని వెనక విసిరే ఫ్యాను, పైన కావాల్సిన దిక్కుకు తిప్పుకోగల గొట్టాలు. మంచు 27 మీటర్ల దూరం దాకా ఎగిరిపడేది. కావాలంటే పక్కనే నడిచే లారీలోకి సరిగ్గా నింపవచ్చు. వీటన్నిటికంటే తెలివైనది ఇంకొకటుంది. లారీని నడపడానికి ఒక ఇంజను, మంచును విసరడానికి వేరే ఇంజను పెట్టాడు. ఎందుకో చూడండి. మంచు దట్టంగా ఉన్న చోట లారీ నెమ్మదించాలి. ఇంజను ఒకటే అయితే లారీతోపాటు ఫ్యాను కూడా నెమ్మదిస్తుంది. ఎక్కువ వేగం కావాల్సిన చోటే ఫ్యాను నీరసించి, మంచు గొట్టంలో బిగుసుకుంటుంది. రెండు ఇంజన్లుంటే లారీ నత్తలా పాకినా ఫ్యాను పూర్తి జోరుతో తిరుగుతూనే ఉంటుంది. గడ్డికి, మంచుకు మధ్య ఉన్న తేడాను గెలిచింది ఈ ఏర్పాటే.

1927లో మాంట్రియల్ పక్కనే ఉన్న ఔట్రమాంట్ పురపాలక సంఘం మొదటి యంత్రాన్ని కొంది. నూర్పిడి యంత్రాన్ని చూసిన కుర్రవాడికి అప్పటికి యాభై ఏళ్లు. ఆయన 1946లో చనిపోయేనాటికి ఆయన పేరుతో ఉన్న కంపెనీ మంచు యంత్రాలకు పెట్టింది పేరు. నేటికీ మాంట్రియల్‌లో మంచు పడ్డాక వీధుల్లో కనిపించేది ఆ పద్ధతే. ముందు విసిరే యంత్రం, పక్కనే వరసగా లారీలు.

పురపాలక సంఘం కొనుక్కోగలిగింది సరే, ఒక ఇంటివాడు కొనుక్కోలేడు. సికార్డ్ రెండు ఇంజన్ల యంత్రం ఇంటి వాకిట్లోకి రావాలంటే మధ్యలో ట్రాక్టరు రావాలి. ఆ కథ మంచుతో సంబంధం లేని పొలాల్లో నడిచింది.

ఫ్రాన్సులో ఆల్బర్ట్ గుజీ అనే రైతు ట్రాక్టరు ఇంజనుకు ఇరుసు తగిలించి, వెనకున్న కోత యంత్రాన్ని దానితో తిప్పాడు. అది చూసిన అమెరికా ఇంజనీరు ఒకాయన ఆ ఆలోచనను ఇంటర్నేషనల్ హార్వెస్టర్ కంపెనీకి పట్టుకెళ్లాడు. 1918లో ఆ కంపెనీ అలాంటి ఇరుసుతో ట్రాక్టర్లను అమ్మకానికి పెట్టింది. మన రైతులు పీటీఓ అనేది దాన్నే. మన దగ్గర రోటవేటర్‌ను తిప్పే ఆ ఇరుసే అక్కడ మంచు యంత్రాన్ని తిప్పుతుంది. వెనక తగిలించే యంత్రాలకు వేగం కూడా సాధారణంగా అదే, నిమిషానికి 540 చుట్లు.

రెండో ముడి విప్పినవాడు హ్యారీ ఫెర్గూసన్. ఉత్తర ఐర్లండులోని కౌంటీ డౌన్ రైతు బిడ్డ. 1909 డిసెంబరు 31న తాను కట్టుకున్న విమానంలో తానే ఎగిరి, ఐర్లండులో విమానం నడిపిన మొదటివాడయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ప్రభుత్వం తరఫున పొలాల్లో ట్రాక్టర్ల పని చూస్తున్నప్పుడు ఒక ఘోరం అతని మనసులో నాటుకుంది. వెనక గొలుసుతో కట్టిన నాగలి రాయికి తగిలితే, ట్రాక్టరు ముందు చక్రాలు గాల్లోకి లేచి డ్రైవరు మీద తిరగబడేది. ఏళ్లు పడ్డ పాట్ల తర్వాత మూడు చోట్ల పట్టుకునే కొక్కేలు, హైడ్రాలిక్ బలంతో పనిముట్టును ఎత్తి దించే చేతులు తయారయ్యాయి. 1938 అక్టోబరులో అమెరికా వెళ్లి హెన్రీ ఫోర్డ్‌కు చూపించాడు. కాగితం రాసుకోకుండా చేతులు కలిపి ఒప్పందం చేసుకున్నారు. 1939లో ఫోర్డ్ 9ఎన్ ట్రాక్టరు ఈ ఏర్పాటుతో వచ్చింది. ఇక నాగలి తీసి ఇంకేదైనా తగిలించడం ఒక్క మనిషి చేయగలిగే పనైంది. వేసవిలో పొలం దున్నిన ట్రాక్టరు చలికాలంలో మంచు విసరడానికి దారి పడింది.

అయినా అది రైతుల ట్రాక్టరే. ఊరి శివార్లలో కొత్తగా ఇళ్లు కట్టుకున్నవాళ్లకు అంత బండి పెట్టడానికి చోటు లేదు. వాళ్లకోసం 1950ల మొదట్లో మినియాపొలిస్‌కు చెందిన టోరో కంపెనీ, 1960లో విస్కాన్సిన్‌లోని ఏరియెన్స్ కంపెనీ, వెనక నడుస్తూ తోసుకునే చిన్న యంత్రాలు తెచ్చాయి. పట్నపు వాకిలికి అవి చాలు. ఎకరం, రెండెకరాల స్థలమూ పొడవాటి దారీ ఉన్నవాళ్లకు చాలవు.

ఆ ఖాళీని నింపింది జపాను వరి మళ్లు. చిన్న కమతాల కోసం కుబోటా కంపెనీ 1960లో తన మొదటి పొలం ట్రాక్టరు చేసింది. 1969లో ఎల్200 అనే 21 హార్స్‌పవర్ ట్రాక్టరును అమెరికాకు పంపింది. అమెరికాలో ట్రాక్టర్లు ఏటికేడు పెద్దవవుతున్న రోజులవి. ఇంత చిన్నది ఎవరు కొంటారన్న ప్రశ్నకు ఊరి శివారు ఇళ్లవాళ్లు జవాబిచ్చారు. తర్వాత ఫోర్డ్, జాన్ డీర్ లాంటి కంపెనీలు కూడా తమ చిన్న ట్రాక్టర్లను జపానులోనే చేయించుకున్నాయి.

చిన్న ట్రాక్టర్లలోకి వచ్చిన హైడ్రోస్టాటిక్ పెడల్ గురించి ఒక్క మాట. గేర్లు మార్చకుండా, కాలితో ఎంత నొక్కితే అంత వేగంగా బండి కదులుతుంది. ఇంజను వేగమూ పీటీఓ వేగమూ మారవు. గట్టిమంచు ఎదురైతే కాలు కాస్త వదులు చేస్తే చాలు, బండి నెమ్మదిస్తుంది, ఫ్యాను అదే జోరుతో తిరుగుతుంది. సికార్డ్ రెండు ఇంజన్లతో సాధించినదాన్ని ఇంటాయన ఒక్క ఇంజనుతో, బొటనవేలి ఒత్తిడితో సాధిస్తున్నాడు. ఈ పనిలో ఉన్న ఆనందానికి మూలం ఇదేనని నాకనిపిస్తుంది. ఇంజను గొంతు కాస్త బరువెక్కగానే చెవి పసిగడుతుంది, కాలు సర్దుకుంటుంది, ధార తెగదు.

ఈ పనిలో నేర్పుకు చోటుంది. గాలి ఎటు వీస్తోందో ముందు చూసుకోవాలి, లేదంటే విసిరిన మంచంతా మొహానికే కొడుతుంది. గులకరాళ్ల దారైతే యంత్రాన్ని నేలకు అంగుళం ఎత్తున ఉంచాలి, లేకపోతే మంచుతోపాటు రాళ్లూ ఎగిరి కిటికీలు పగులుతాయి. యంత్రాన్ని ట్రాక్టరు వెనక తగిలించుకున్నవాళ్లు బండిని వెనక్కి నడపాలి, గంటల తరబడి మెడ తిప్పి కూర్చోవాలి. ముందు తగిలించుకున్నవాళ్లకు ఆ బాధ లేదు, ఖర్చు ఎక్కువ. మంచు కింద దాగిన కట్టె గాని రాయి గాని చిక్కితే యంత్రం నలిగిపోకుండా, ముందుగా తెగిపోయేలా మెత్తని బోల్టు ఒకటి పెడతారు. దాన్ని షియర్ బోల్ట్ అంటారు. అనుభవమున్నవాళ్ల జేబులో అలాంటివి నాలుగు ఎప్పుడూ ఉంటాయి.

ఈ కథ మన గడ్డను కూడా తాకింది. హిమాలయాల్లో జోజి లా లాంటి కనుమల్లో రోడ్లు తెరవడానికి సరిహద్దు రోడ్ల సంస్థ వాడే యంత్రాల్లో మంచును కోసి విసిరేవీ ఉన్నాయి. 2023లో మహీంద్రా కంపెనీ జపాను మిత్సుబిషి ఇంజనీర్లతో కలిసి రూపొందించిన ఓజా అనే తేలికపాటి ట్రాక్టర్ల వరసను విడుదల చేసింది. వాటి తయారీ తెలంగాణలోని జహీరాబాద్‌లో. ఉత్తర అమెరికా ఇళ్ల వాళ్ల కోసం చేసిన చిన్న ట్రాక్టర్లు కూడా ఆ వరసలో ఉన్నాయి. చెరకు, కంది పండే నేల మీద బిగించిన బోల్టులు ఇప్పుడు మంచు దేశాల దారుల్లో తిరుగుతున్నాయి.

ఆరెంజ్ జల్‌ను ఏడిపించిన ఇబ్బంది నేటికీ పూర్తిగా పోలేదు. తడిమంచు గొట్టంలో ముద్దకడుతుంది. అది చూసి చాలామంది చెయ్యి లోపలపెట్టి తీయబోయి వేళ్లు పోగొట్టుకున్నారు. ఇంజను ఆపినా కొన్ని యంత్రాల్లో బిగుసుకున్న బెల్టులో బలం మిగిలి ఉంటుంది, మంచు వదలగానే రెక్క ఒక్కసారి తిరుగుతుంది. మంచు దేశాల్లో ఉంటున్న మన తెలుగువాళ్లకు, ముఖ్యంగా ఈ ఏడాదే కొత్త యంత్రం కొన్నవాళ్లకు నా మనవి ఇది: గొట్టం మూసుకుపోతే పీటీఓ తీసేయండి, ఇంజను ఆపండి, తాళం చెవి జేబులో వేసుకోండి, అన్నీ ఆగేదాకా ఆగండి. తర్వాత కూడా కర్రతోనే తీయండి, చేత్తో వద్దు.